చుక్క, గీత, కంటి అంచు

పగడపు దిబ్బ మీద పఫర్ చేపను చూసి జాతి పేరు చెప్పాలనుకునేవాళ్లు ముందుగా వదులుకోవలసింది రంగు మీద నమ్మకం. అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్ చుట్టుపక్కల నీళ్లలో దిగితే, డైవర్లు కుక్కమూతి పఫర్ అని పిలిచే చేప తరచుగా ఎదురవుతుంది. ఒకటి బూడిద రంగులో ఉంటుంది. కాస్త దూరంలో ఇంకోటి ముదురు గోధుమ. మరో రాయి చాటున కనిపించినదానికి పొట్ట పసుపు, వీపు నీలం కలిసిన నలుపు. ఒళ్లంతా పసుపే ఉన్నవీ ఉంటాయి. కొత్తగా డైవింగ్ నేర్చుకున్నవాళ్లు పైకి వచ్చి లాగ్‌బుక్‌లో వీటిని నాలుగు జాతులుగా రాసుకుంటారు. నిజానికి అన్నీ ఒకటే జాతి, ఆరోత్రాన్ నైగ్రోపంక్టాటస్. ఒంటి రంగు ఎంత మారినా మూడు గుర్తులు మాత్రం మారవు. నోటి చుట్టూ నల్లటి మరక, మూతి మీద పాలిపోయిన మెత్తటి రంగు, ఒంటి మీద ఎడాపెడా పడిన కొద్దిపాటి నల్లచుక్కలు.

రంగును నమ్మలేకపోవడానికి చేప ఒక్కటే కారణం కాదు. లోతుకు పోయేకొద్దీ నీళ్లు ముందుగా ఎరుపును మింగేస్తాయి, ఆ తర్వాత నారింజను. పది మీటర్లు దిగేసరికి ఎర్రగా ఉండాల్సినది మట్టి రంగులో కనిపిస్తుంది. టార్చి వేస్తే ఒక చేప, తీసేస్తే ఇంకో చేప. ఇక రాత్రి నిద్రపోయే వేళ చాలా చేపలు ఒంటి రంగునే తగ్గించుకుంటాయి.

అలాంటప్పుడు కన్ను నిలపవలసిన చోటు ఏది? చుక్క పెట్టిన తీరు, గీత నడిచిన దారి, కంటి చుట్టూ జరిగిన పని, పక్క రెక్క ఒంటికి అతుక్కున్న చోట జరిగిన పని. పఫర్లలో జాతి సంతకం ఈ చోట్లలోనే ఉంటుంది. వీటి పేర్లు తెలియాలంటే ముందు వీటి తయారీని చూడాలన్నది నా గట్టి నమ్మకం. అలా చూడడం మొదలుపెట్టాక పేరు తెలిసినా తెలియకపోయినా చేప ముందు నుంచి కదలబుద్ధి కాదు.

ఒంటి కట్టడంతోనే మొదలుపెడదాం. పఫర్ నోట్లో విడివిడి పళ్లు ఉండవు. పైన రెండు, కింద రెండు, మొత్తం నాలుగు గట్టి పలకలు ముక్కులా బయటికి కనిపిస్తాయి. పై రెండు పలకలూ కలిసే చోట నిలువుగా ఒక సన్నటి గీటు ఉంటుంది. ఈ కుటుంబానికి శాస్త్రజ్ఞులు పెట్టిన టెట్రాడోంటిడే అన్న పేరు ఆ నాలుగు పళ్లను బట్టి వచ్చిందే. పీతల చిప్పలు, నత్తగుల్లలు, కొన్ని జాతులకైతే పగడాల కొసలు కూడా ఈ పలకల మధ్య నలిగిపోతాయి. అరిగినకొద్దీ పెరుగుతూనే ఉంటాయి కాబట్టి వాటికి వాడి తగ్గదు.

లోపల మరో విశేషం ఉంది. పఫర్‌కు పక్కటెముకలు లేవు. పొట్ట కింద ఉండవలసిన రెక్కల జత కూడా లేదు. ఒళ్లు ఉబ్బాలంటే దారికి అడ్డం వచ్చేవన్నీ తీసేసినట్టుగా ఉంటుంది ఆ కట్టడం. మొప్పల ద్వారం కూడా పక్క రెక్క ముందు చిన్న చీలికంత మాత్రమే. ఈత తీరు కూడా ఒంటికి తగ్గట్టే ఉంటుంది. వెనకగా పైనొకటి, కిందొకటి ఉన్న చిన్న రెక్కలు ఇటూ అటూ కలిసి ఊగుతాయి, పక్క రెక్కలు అలలా ఆడుతూనే ఉంటాయి. తోక మాత్రం తరచుగా మడిచే ఉంటుంది. అవసరమైతే చుక్కానిలా తిప్పడానికి, ప్రాణం మీదికి వస్తే ఒక్క ఉదుటున దూకడానికి దాన్ని అట్టే పెట్టుకుంటుంది. అందుకే పఫర్ ఉన్నచోటే ఆగగలదు, వెనక్కి పోగలదు, రాతి సందులో తిరగగలదు. వేగం మాత్రం తక్కువ. దాని అవసరం కూడా అంతగా లేదు. జపాన్ శాస్త్రజ్ఞుడు యోషిజుమి తహారా 1909లో టెట్రోడోటాక్సిన్ అని పేరు పెట్టిన విషం చాలా పఫర్ల కాలేయంలో, అండాశయంలో, కొన్నింటికి చర్మంలో కూడా ఉంటుంది. నరాల్లో కబురు మోసే సోడియం దారులను అది మూసేస్తుంది. దానికి విరుగుడు మందు లేదు. ఆ విషం చేప సొంతంగా తయారుచేసుకున్నది కాదు, బ్యాక్టీరియా చేసినది తిండి ద్వారా ఒంట్లో చేరుతుంది. అంత రక్షణ ఉన్న చేప డైవర్‌ను చూసి కంగారు పడదు. నిలబడి చూడనిస్తుంది. గుర్తు పట్టడం నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి గురువు దిబ్బ మీద దొరకడు.

దిబ్బ మీద పెద్దగా, గుండ్రంగా కనిపించే పఫర్లు చాలావరకు ఆరోత్రాన్ ప్రజాతివి. ముక్కు దగ్గర చూస్తే తెలుస్తుంది. రంధ్రం ఉండాల్సిన చోట రెండుగా చీలిన చిన్న కండ మొలక లేచి ఉంటుంది. ఇక ఒక్కొక్కదాని పనితనం.

ఆరోత్రాన్ హిస్పిడస్ వీపు బూడిద, ఆకుపచ్చ, గోధుమ రంగుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. దాని మీద తెల్లచుక్కలు ఉంటాయి. ఎర్ర సముద్రం నుంచి మధ్య అమెరికా పసిఫిక్ తీరం దాకా కనిపించే ఈ చేప దాదాపు అర మీటరు పెరుగుతుంది. చుక్కలు లెక్కపెట్టకండి, వాటి నడక చూడండి. వీపు మీద విడివిడిగా ఉన్న చుక్కలు పక్కకు దిగేసరికి సాగుతాయి, పొట్ట దగ్గరికి వచ్చేసరికి తెల్లటి గీతలైపోతాయి. కంటి దగ్గర అవే గీతలు ఒకదాని చుట్టూ ఒకటిగా వలయాలు కడతాయి. పక్క రెక్క మొదట్లో ఒక నల్లటి మచ్చ, దాని చుట్టూ మళ్లీ తెల్లటి వలయాలు. అంటే కంటికి చేసిన పనినే చేప రెక్క దగ్గర కూడా చేసింది. కాస్త దూరం నుంచి చూస్తే అసలు కన్ను ఏదో ఒక క్షణం తేలదు. వేటాడే చేపను ఇది తికమక పెడుతుందో లేదో గానీ, నన్ను మాత్రం ప్రతిసారీ ఆపేస్తుంది.

దీన్ని ఆరోత్రాన్ స్టెల్లాటస్‌తో పొరబడేవాళ్లు ఉన్నారు. రెండూ చుక్కల చేపలే, రెండూ పెద్దవే. తేడా మాత్రం తేలిక. హిస్పిడస్‌కు ముదురు ఒంటి మీద తెల్లచుక్కలు, స్టెల్లాటస్‌కు లేత ఒంటి మీద నల్లచుక్కలు. పైగా స్టెల్లాటస్ చుక్కలు ఒంటితో ఆగవు, వీపు రెక్క మీదికీ తోక మీదికీ ఎక్కుతాయి. దిబ్బ మీది పఫర్లలో ఇదే అతి పెద్దది, 120 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పెద్ద స్టెల్లాటస్ ఇసుక మీద పొట్ట ఆనించి విశ్రాంతి తీసుకునేటప్పుడు చూస్తే దానికి తెలిసిన శాంతి నాకు తెలియదే అనిపిస్తుంది. చిన్నప్పటి రూపం వేరు. ఒళ్లు నారింజ ఛాయలో, పొట్ట మీద నల్లటి చారలతో ఉంటుంది. వయసొచ్చేకొద్దీ చారలు పోతాయి, చుక్కలు చిన్నవవుతూ సంఖ్యలో పెరుగుతాయి. పిల్లనూ తల్లినీ పక్కపక్కన పెడితే ఒకే జాతి అని నమ్మడం కష్టం. అలాంటి చోట కూడా పక్క రెక్క మొదట్లోని నల్లటి మచ్చ ఆధారం ఇస్తుంది.

గీత పనిలో వీటన్నింటినీ మించినది ఆరోత్రాన్ మాప్పా. దాని కంటి నుంచి గీతలు కిరణాల్లా బయలుదేరతాయి. కాస్త దూరం పోయాక వంకర తిరుగుతాయి, విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి, ఎక్కడో చుక్కలుగా తెగిపోతాయి. శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు వెదురు కలంతో బట్ట మీద గీసే గీత బలంగా మొదలై, సన్నబడి, మళ్లీ లావై సాగుతుంది కదా, ఆ చేతివాటం ఈ చేప చెంప మీద ఉంది. పక్క రెక్క మొదట్లోనూ పొట్ట పక్కనా పెద్ద నల్ల మరకలు పడి ఉంటాయి. ఇంత సందడిలో కూడా గీతలన్నీ కన్ను దగ్గరే పుట్టాయన్న విషయం మరుగున పడదు. మాప్పాను గుర్తు పట్టడానికి అదొక్కటి చాలు.

తక్కినవాటిని కొంచెం వేగంగా చెప్పుకోవచ్చు. ఒంటి పొడవునా సన్నటి నల్లగీతలు సమాంతరంగా సాగితే అది మనిలెన్సిస్. చుక్కా గీతా ఏదీ లేక, తోక రెక్కకు ముదురు అంచు మాత్రం ఉంటే ఇమాక్యులాటస్. నల్లటి ఒంటి నిండా, రెక్కలతో సహా, చిన్న చిన్న తెల్లచుక్కలు ఖాళీ లేకుండా పరుచుకుంటే మెలియాగ్రిస్. హవాయిలోనూ తూర్పు పసిఫిక్ దీవుల దగ్గరా అది బాగా కనిపిస్తుంది, అందులోనూ పూర్తి పసుపు రంగువి ఉన్నాయి. ఎర్ర సముద్రంలో దిగేవాళ్లకు కళ్ల మీదుగా నల్లటి ముసుగు కట్టుకున్న డయాడెమాటస్ ఎదురవుతుంది. దాన్ని గుర్తు పట్టలేకపోవడమే కష్టం.

ఇంత రకరకాల నమూనా ఎలా వస్తుందన్న ప్రశ్న వెనక ఒక అందమైన లెక్క ఉంది. 1952లో గణిత శాస్త్రజ్ఞుడు ఆలన్ ట్యూరింగ్ ఒక ప్రతిపాదన చేశాడు. ఒకదాన్నొకటి ప్రేరేపిస్తూ, అణచుకుంటూ, వేర్వేరు వేగాలతో వ్యాపించే రెండు పదార్థాలు ఉంటే చాలు, చుక్కలూ చారలూ వాటంతట అవే ఏర్పడగలవన్నది ఆ ప్రతిపాదన. లెక్కలో ఒక విలువను కొంచెం జరిపితే ముదురు మీద లేత చుక్కలు వస్తాయి, మరికొంచెం జరిపితే చిక్కుదారుల్లాంటి గీతలు, ఇంకొంచెం జరిపితే లేత మీద ముదురు చుక్కలు. 2020లో ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన సెయితా మియజావా ఇదే విషయాన్ని ఆరోత్రాన్ పఫర్లలో వెతికాడు. తెల్లచుక్కల జాతీ నల్లచుక్కల జాతీ కలిసినప్పుడు పుట్టే సంకర చేపలకు తెల్లచుక్కలూ నల్లచుక్కలూ కాక మధ్యలో ఉండే చిక్కుగీతలు వస్తాయని జన్యువుల ఆధారంతో చూపించాడు. గైడు పుస్తకంలో ఏ బొమ్మతోనూ సరిపోని పఫర్ కనిపిస్తే డైవర్ తన కళ్లను అనుమానించక్కర్లేదు. గీత అబద్ధం చెప్పడం లేదు, అది రెండు వంశాల పేర్లు ఒకేసారి చెబుతోంది.

చేపను గీతతో పట్టుకోవడం మన తీరంలో కొత్త సంగతి కాదు. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన వైద్యుడు పాట్రిక్ రస్సెల్ 18వ శతాబ్దం చివర్లో విశాఖపట్నంలో ఉన్నప్పుడు అక్కడి చేపలను సేకరించి బొమ్మలు గీయించాడు. అందులో రెండు వందల చేపల బొమ్మలూ వర్ణనలూ 1803లో లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. చేపల పక్కన తీరంలో పలికే తెలుగు పేర్లను తనకు వినిపించినట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. నీళ్ల నుంచి తీసిన చేప రంగు కొద్దిసేపట్లోనే పోతుంది. అయినా పొలుసు అమరిక, రెక్క ఎముకలు, కంటి స్థానం, మచ్చ పడిన చోటు మిగులుతాయి. రస్సెల్ బొమ్మలు నిలబడింది వాటి మీదే. ఒడ్డున చచ్చిన చేపను ముందు పెట్టుకుని ఆయన నమ్ముకున్న ఆధారాలనే నీటి కింద బతికిన చేప ముందు మనమూ నమ్ముకుంటున్నాం.

ఇప్పుడు చిన్నవాటి దగ్గరికి వద్దాం. కాంథిగాస్టర్ ప్రజాతి పఫర్లు చాలావరకు అరచేతికి లోపల ఇమిడేంత ఉంటాయి. మూతి కోసుగా ముందుకు సాగుతుంది, ఒళ్లు పక్కలకు కాస్త నొక్కినట్టుంటుంది, వీపు మీద సన్నటి గట్టు ఉంటుంది. ఆరోత్రాన్‌లా ముక్కు మీద చీలిన మొలక ఉండదు, రెండు పక్కలా ఒక్కో చిన్న రంధ్రమే. గోధుమ ఒంటి మీద నీలిచుక్కలు నిండి, వీపు రెక్క మొదట్లో కన్నులాంటి నల్లటి గుండ్రం ఉంటే సొలాండ్రి. ఒళ్లంతా తెల్లచుక్కలు గూడులా అల్లుకుంటే జాంథినోప్టెరా. నేను ఎక్కువసేపు ఆగేది మాత్రం వాలెంటిని దగ్గర.

కాంథిగాస్టర్ వాలెంటినికి తెల్లటి ఒంటి మీద నాలుగు ముదురు పట్టీలు ఉంటాయి. మొదటిదీ చివరిదీ వీపు దగ్గరే ఉండిపోతాయి. మధ్య రెండూ మాత్రం కోసుగా సన్నబడుతూ పొట్ట వైపు దిగుతాయి. తక్కిన ఒంటి మీద చిన్న గోధుమ చుక్కలు. దీన్ని పోలిన కొరోనాటాకు మూడు పట్టీలే, అవి వీపు దాటి అంతగా కిందికి రావు, అంచుల్లో నారింజ గీత మెరుస్తుంది. ఇంతవరకూ సులువే. అసలు పరీక్ష పక్కనే ఈదుతూ ఉంటుంది. పారాల్యుటెరెస్ ప్రియోన్యూరస్ పఫర్ కాదు, ఫైల్‌ఫిష్ కుటుంబానికి చెందిన చేప. దానికి విషం లేదు. కానీ వాలెంటిని ఒంటిని అచ్చు గుద్దినట్టు తొడుక్కుంది. అవే పట్టీలు, అదే చోట అదే కోసు, అవే గోధుమ చుక్కలు. ఈత తీరును కూడా ఎత్తుకుంది. చేదు అనుభవం ఉన్న వేట చేపలు వాలెంటినిని ముట్టుకోవు కాబట్టి దీని జోలికీ రావు.

నకలులో దొరికే లోపం రెక్కల్లో ఉంది. వాలెంటిని వెనక రెక్కలు పొట్టిగా, మొదట్లో ఇరుకుగా ఉంటాయి. ఫైల్‌ఫిష్‌వి ఒంటి వెనక సగాన్ని పైనా కిందా ఆక్రమించుకుని పొడుగ్గా సాగుతాయి, పారదర్శకంగా ఉండడంతో మొదటి చూపుకు కనబడవు. దాని తల మీద చిన్న ముల్లు కూడా ఒకటి ఉంటుంది, మామూలుగా మడిచి పెట్టుకుంటుంది. ఈ రెండు చేపలు పక్కపక్కన కనిపించిన రోజు రెక్కల మొదలు కొలుస్తూ కూర్చోవాలి. చుక్కను కాపీ కొట్టవచ్చు, పట్టీని కాపీ కొట్టవచ్చు, ఒంటి కట్టడాన్ని మార్చుకోవడం మాత్రం ఆ చేపకు చేతకాలేదు.

ఏదుపంది చేపలు పఫర్ల దగ్గరి చుట్టాలు, వేరే కుటుంబం. వీటి పళ్లు పైన ఒకే పలక, కింద ఒకే పలక, మధ్య గీటు ఉండదు. ఒంటి ముళ్లు శాంతంగా ఉన్నప్పుడు వెనక్కి వాలి ఉంటాయి. పగలు రాతి అంచుల కింద పెద్ద కళ్లతో నిలబడి ఉంటాయి, వేట రాత్రి. ఒంటి మీదా రెక్కల మీదా చిన్న నల్లచుక్కలు ఉంటే డయోడాన్ హిస్ట్రిక్స్. చుక్కలతో పాటు వీపు మీద పెద్ద గోధుమ మరకలు ఉండి, రెక్కలు శుభ్రంగా ఉంటే హోలోకాంథస్. ఆ మరకలకు తెల్లటి అంచు గీసినట్టుంటే లిటురోసస్. మరక కన్నా అంచు ముఖ్యమన్నమాట.

చాలామంది పఫర్ అనగానే ఉబ్బిన బంతినే ఊహించుకుంటారు. ఆ పనితనం గొప్పదే. నీళ్లను గుక్కలు గుక్కలుగా మింగితే కడుపు ముడతలు విప్పుకుని సాగుతుంది. తిండిని అరిగించే పని కడుపు ఎప్పుడో వదిలేసింది, అది ఇప్పుడు నీటి తొట్టి. పక్కటెముకలు లేవు కాబట్టి అడ్డు లేదు. చర్మం బిగుసుకున్నప్పుడు ఏదుపంది చేప ముళ్లు వాటంతట అవే నిటారుగా లేస్తాయి. కానీ ఈ బలప్రదర్శన చూడడానికి చేపను పట్టుకుని పిండే గైడ్లు ఇంకా ఉన్నారు, అది నాకు కోపం తెప్పించే విషయం. 2014లో ఆస్ట్రేలియాలో వాలెంటిని చేపల మీద జరిగిన పరిశోధన ప్రకారం, ఉబ్బి ఉన్నప్పుడు అవి ఊపిరి బిగపట్టవు. మొప్పలతో ఊపిరి తీసుకుంటూనే ఉంటాయి, పీల్చే ఆక్సిజన్ మామూలు కన్నా ఐదు రెట్ల దాకా పెరుగుతుంది. ఒళ్లు దిగాక మామూలు స్థితికి రావడానికి సగటున ఐదున్నర గంటలకు పైనే పట్టింది. అంటే మన ఒక్క ఫొటోకు దాని ఒక పూట పోతుంది. పైగా ఉబ్బిన ఒంటి మీద చుక్కలు సాగిపోతాయి, గీతలు చెదిరిపోతాయి. గుర్తు పట్టడానికి అసలు పనికిరాని రూపం అదే.

ఇప్పటిదాకా ఒంటి మీది పని చెప్పాను. ఒంటి మీద పెద్దగా ఏమీ లేని ఒక పఫర్ ఉంది. దాన్ని డైవర్లు ముందుగా గుర్తు పట్టింది అది చేసిన పనితో.

జపాన్ దక్షిణాన ఉన్న అమామి ఓషిమా దీవి దగ్గర, 1995 ప్రాంతంలో డైవర్లు ఇసుక నేల మీద వింత వలయాలు చూశారు. ఒక్కోటి దాదాపు రెండు మీటర్ల వెడల్పు. చుట్టూ ఇసుక గట్లు కిరణాల్లా లోపలికి చూస్తూ ఉంటాయి, గట్టుకూ గట్టుకూ మధ్య లోయ, నడిమధ్యలో మెత్తటి ఇసుక మీద క్రమం లేని గీతల నమూనా. ఎవరు చేశారో చాలా ఏళ్లపాటు తెలియలేదు. నీటి అడుగున ఫొటోలు తీసే యోజి ఓకతా ఆ వలయాలను తదేకంగా గమనించి, చివరికి పనివాడిని చూశాడు. అరచేతి పొడవు కూడా లేని మగ పఫర్ ఒకటి. హిరోషి కవాసే, ఓకతా, కిమియాకి ఇతో కలిసి 2013లో ఆ వివరాలు ప్రచురించారు. ఆ చేపకు టార్క్విజెనర్ ఆల్బోమాక్యులోసస్ అని కెయిచి మత్సురా పేరు పెట్టింది 2014లో. వలయం కనబడ్డాక చేపకు పేరు రావడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది.

ఆ చేప చేతికి పనిముట్టు ఏదీ లేదు. పొట్టా రెక్కలూ తోకా, అంతే. ఇసుకకు ఒళ్లు ఆనించి, రెక్కలు కొట్టుకుంటూ, బయటి నుంచి మధ్య వైపు తిన్నగా దూసుకుపోతుంది. దాని వెనక ఒక లోయ పడుతుంది. మళ్లీ బయటికి వచ్చి ఇంకో దిక్కు నుంచి. రోజంతా ఇదే. ఇలా ఏడు నుంచి తొమ్మిది రోజులు పని సాగుతుంది. ప్రవాహం రాత్రికి రాత్రి కొంత చెరిపేస్తే పొద్దున మళ్లీ దిద్దుతుంది. పని ముగింపుకు వచ్చేసరికి నోటితో గవ్వల ముక్కలు, పగడాల ముక్కలు ఏరి తెచ్చి గట్ల శిఖరాల మీద పెడుతుంది. మధ్యలో ఉన్న మెత్తటి ఇసుకను రెక్కతో తడుముతూ ఆ క్రమం లేని నమూనా వేస్తుంది.

అంత పెద్ద ఆకారాన్ని పైనుంచి ఎన్నడూ పూర్తిగా చూడని చేప దాన్ని ఎలా గీస్తుందన్నది సహజంగా వచ్చే ప్రశ్న. 2018లో వచ్చిన ఒక అధ్యయనం చేప కదలికలను వీడియోల్లో కొలిచి, కంప్యూటర్‌లో పరీక్షించింది. చేప తవ్వకం ఎక్కువగా నేల కాస్త పల్లంగా ఉన్న చోట మొదలవుతుంది, తర్వాత మధ్య వైపు సాగుతుంది. ఒకసారి తవ్విన చోటు పల్లమవుతుంది కాబట్టి మళ్లీ అక్కడే మొదలుపెట్టే అవకాశం ఎక్కువ. లోయ లోతవుతుంది, పక్కన పడిన ఇసుక గట్టవుతుంది. మొత్తం పటం చేప బుర్రలో ఉండనక్కర్లేదు, నేలే తర్వాతి గీత ఎక్కడో చెబుతుంది. ఈ వివరణ నా ఆశ్చర్యాన్ని తగ్గించలేదు, పెంచింది. తన పని తనకే దారి చూపేలా పనిచేయడం మంచి పనివాళ్ల లక్షణం.

ఈ వలయం అందానికి మాత్రమే కాదు. ప్రవాహం ఎటు నుంచి వచ్చినా లోయలు నీటిని మధ్యకు మళ్లిస్తాయి, మధ్యలో వేగం దాదాపు నాలుగో వంతు తగ్గుతుందని 2013 పరిశోధకులు కొలిచారు. లోయల్లో కదిలే మెత్తటి ఇసుక మధ్యలో చేరుతుంది. ఆడచేప వచ్చి ఆ మధ్య భాగం చూస్తుంది. నచ్చితే అక్కడే గుడ్లు పెడుతుంది. ఆ సమయంలో మగచేప ఆడచేప ఎడమ చెంపను నోటితో పట్టుకుంటుంది. తర్వాత ఆడచేప వెళ్లిపోతుంది. గుడ్లు పగిలేదాకా, దాదాపు ఆరు రోజులు, మగచేప అక్కడే కాపలా ఉంటుంది. ఈ రోజుల్లో గట్లు దిద్దడం మానేస్తుంది. ప్రవాహం వలయాన్ని సాపు చేసేస్తుంది. తర్వాతి జత కోసం మళ్లీ మొదటి నుంచి, ఇంకో చోట. పాత చోట మెత్తటి ఇసుక అయిపోయి ఉంటుంది కాబట్టి అక్కడే తిరిగి కట్టడం కుదరదు.

ఇలాంటి వలయాలు జపాన్‌లోనే ఉన్నాయని చాలాకాలం అనుకున్నారు. ఆస్ట్రేలియా వాయవ్య తీరం దగ్గర, వంద మీటర్ల కన్నా లోతున, సముద్రపు అడుగును పరిశీలించే యంత్రాల కెమెరాల్లో అలాంటివే కనిపించాయని 2020లో ప్రచురించారు. మామూలు స్కూబా డైవర్ చేరలేని లోతు అది.

టార్క్విజెనర్ ప్రజాతి పఫర్లు మన హిందూ మహాసముద్రంలోనూ ఉన్నాయి. దిబ్బల మీద కన్నా వాటి పక్కన ఉండే ఇసుక మీద తిరుగుతాయి, చూడ్డానికి సాదాగా ఉంటాయి. పగడాల దగ్గరికి చేరాలన్న ఆత్రంతో డైవర్లు ఆ ఇసుక మీదుగా కాళ్లు ఆడించుకుంటూ దాటేస్తారు. విశాఖ రుషికొండ దగ్గర దిగేవాళ్లూ, అండమాన్‌లో దిగేవాళ్లూ దిబ్బకు చేరే ముందు ఆ ఇసుకకూ కొంత గాలి ఖర్చు పెట్టాలని నా కోరిక. చిన్న పఫర్ కనిపిస్తే దగ్గరికి తోసుకుపోకుండా, ఇసుక లేవకుండా, దాని పక్క నుంచి ఒక ఫొటో తీయండి. కన్నూ, పక్క రెక్క మొదలూ, రెండూ ఒకే ఫొటోలో పడాలి. చేప ఆగి ఉన్న నేలను కూడా కొంచెం చేర్చండి.